పత్రంలో రెండో పేరు

ఫిబ్రవరి 3

అన్నయ్య వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "ఇల్లు అమ్మేద్దామే పిట్టా," అన్నాడు. అడిగినట్టు లేదు, చేదు మందు ఒక్క గుక్కలో మింగినట్టు అన్నాడు. సరే అన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటాననుకోలేదు కాబోలు, దారి పొడుగునా కూడగట్టుకొచ్చిన మాటలు వృథా కాకూడదని అవి కూడా అప్పజెప్పి వెళ్ళాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక వదిన మూడో అంతస్తు ఎక్కలేకపోతోంది. లిఫ్టు లేదు. ఆవిడ కిందికి దిగి రెండు నెలలు. నేల మీద ఇల్లొకటి చూసుకోవాలి. తనకేమో బస్సు డ్రైవింగు మాన్పించి డిపోలో కుర్చీ పని ఇచ్చారు, కళ్ళ వల్ల. (ఆ కళ్ళు పరీక్ష చేసింది నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులోనే. అద్దాలు అరగదీసి బిగించింది నేనే.)

"అమ్మ కూడా పోయింది. నువ్వొక్కదానివీ ఇన్ని గదులు ఏం చేసుకుంటావే?" అన్నాడు.

నిజమే, ఏం చేసుకుంటాను? ఊడ్చుకుంటాను.

ఫిబ్రవరి 4

సరే అన్నందుకు బాధేమీ లేదు. రాసి పెట్టుకుంటున్నాను, బాధ లేదని. వంటింటి కుళాయికి గుడ్డ కట్టి ఏడాదయింది. మెట్ల పక్క గోడ ఉబ్బి పెచ్చులు రాలుతోంది. యాభై రెండేళ్ళ మనిషికి డెబ్భై ఏళ్ళ ఇంటి చాకిరీ చెయ్యాలంటే ఇద్దరికీ విశ్రాంతి లేదు.

ఫిబ్రవరి 11

కొనేవాళ్ళు వచ్చి చూశారు. పళ్ళ డాక్టరు, ఆయన భార్య. కింద క్లినిక్కు, పైన కాపురం. అమ్మ మంచం ఉన్న చోట నిలబడి, "రోగులు ఇక్కడ కూర్చుంటారు," అన్నాడాయన. వెంటనే నా మొహం చూసి గొంతు తగ్గించాడు. మంచివాడే. ఇప్పుడున్న క్లినిక్కు మే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట, ఆలోగా కాగితాలు తేలాలన్నాడు.

"పాలలాంటి ఇల్లండీ, ఎక్కడా మచ్చ లేదు," అన్నాడు అన్నయ్య.

నేను టీ కప్పులు తీస్తూ లోపలికెళ్ళాను.

ఫిబ్రవరి 12

ఫైలు లాయరమ్మకి ఇచ్చాం.

ఫిబ్రవరి 19

లాయరమ్మ పిలిచింది. జిరాక్సు షాపు పైన ఆవిడ గది, కిందనుంచి యంత్రం వేడి వాసన వస్తూనే ఉంటుంది. కొనుగోలు పత్రం మా వైపు తిప్పి, ఒక వరస మీద పెన్సిలు ఆనించి అడిగింది: "ఈ రెండో పేరు ఎవరిది?"

అన్నయ్య వంగి చూశాడు. ఈ ఇల్లు పూర్తిగా నాన్నదైపోయిందనే వాడి నమ్మకం. పత్రంలో ఇద్దరు కొన్నట్టుంది, చెరి సగం. ఒకరు నాన్న. రెండోది నాన్న అక్కయ్య, మా అత్తయ్య.

అన్నయ్య తేరుకుని, "ఆవిడ ఎప్పుడో తన వాటా వదిలేసిందండీ. నాన్న ఒకసారి చెప్పారు. ఆవిడ పోయింది కూడా," అన్నాడు.

"వదిలేసినట్టు కాగితం ఉందా? పోయినట్టు?"

"పోయినట్టు కూడా కాగితమా?"

"మా పనిలో మనిషి పోవాలన్నా కాగితం ఉండాలండి," అంది. నవ్వలేదు. తర్వాత నావైపు తిరిగింది. "మీకేమైనా తెలుసా?"

తెలీదన్నాను.

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్చేంజిలో చేసేది. పెళ్ళి చేసుకోనని, మాతోనే ఉండేది. నన్ను మొదట పిట్టా అని పిలిచింది ఆవిడే. నాకు పన్నెండేళ్ళప్పుడు, తనకి నలభై వచ్చాక, ఎక్స్చేంజిలో లైన్‌మన్‌ని పెళ్ళాడింది. నాన్న పరువు పోయిందన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఆవిడ మాట ఎత్తిన వాళ్ళు లేరు. నాకు తెలిసింది ఇంతే.

ఫిబ్రవరి 20

నిజంగా ఇంతే.

ఫిబ్రవరి 26

అన్నయ్యకి కాగితం దొరికింది. నాన్న ఇనప బీరువాలో అరల అడుగున పరిచిన పేపరు కింద ఉందట. పరుగున షాపుకొచ్చాడు, ఎదురుగా కస్టమరున్నా ఆగలేదు. అత్తయ్య తన సగం తమ్ముడికి వదులుకుంటున్నట్టు రాత, కింద ఆవిడ సంతకం, ఇద్దరు సాక్షులు. ఒకరు నాన్న స్నేహితుడు, ఆయన పోయాడు. రెండో సాక్షి...

"నువ్వేనే! చూడు, ఎంత గుండ్రంగా పెట్టావో! బంగారు తల్లివే, గట్టెక్కించావు!"

నాన్న కూడా నన్ను అలాగే అన్నారు. ఎప్పుడో.

మార్చి 1

ఈ కాగితం రిజిస్టరు కాలేదట, దానంతట అది చాలదు. అయితే అప్పట్లో ఇంటిమీద పై గది వేసుకోవడానికి బ్యాంకు దీన్ని ఒప్పుకుని అప్పిచ్చింది. బతికున్న సాక్షి, "ఆవిడ నా కళ్ళెదుట సంతకం పెట్టింది," అని ప్రమాణపత్రం ఇస్తే డాక్టరు తరఫు వాళ్ళు కూడా ఒప్పుకోవచ్చంది లాయరమ్మ.

"ఆ రోజు మీకు గుర్తుందా?"

నీళ్ళు నమిలాను. "సరిగ్గా గుర్తు లేదండి."

"గుర్తు తెచ్చుకోవే," అన్నాడు అన్నయ్య.

లాయరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "లేని గుర్తు తెచ్చుకోమని నేను చెప్పను. ఇది ప్రమాణం మీద ఇచ్చే మాట. తీసుకెళ్ళి చదువుకోండి. నిజమైతేనే సంతకం పెట్టండి."

ఒకే పేజీ. కింద నా పేరు, దాని పైన ఖాళీ.

మార్చి 2

గుర్తు లేదు.

మార్చి 6

ఇవాళ షాపులో కుడి కంటి అద్దం ఎడమ వైపు బిగించాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారి. ఆ పెద్దాయన పెట్టుకుని నాలుగడుగులు వేసి, "నేల ఏటవాలుగా ఉందేంటమ్మా," అన్నాడు. యజమాని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మార్చి 9

వదినని చూడ్డానికి వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీ, కుర్చీ పక్కన చేతికర్ర. ఆ మూడంతస్తులు ఎక్కేసరికి నాకే ఆయాసం వచ్చింది.

"నేను తొందరపెట్టటం లేదు పిట్టా. మీ అన్నయ్య హడావిడి నీకు తెలిసిందేగా," అంది. కిటికీలోంచి కిందికి చూసి, "నాకు కూరల బండివాడితో బేరమాడాలని ఉంది. ఇక్కణ్ణుంచి అరిస్తే వాడు చెప్పిందే ధర," అంది. ఇద్దరం నవ్వాం. వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఒక్క సంతకం. పెట్టేస్తే వదిన కిందికొస్తుంది. అత్తయ్య ఎటూ లేదు. ఉంటే ఎనభై ఏళ్ళుంటాయి, ఎనభై ఏళ్ళ మనిషికి ఇల్లెందుకు?

మార్చి 10

ఎటూ లేదని నిన్న రాశాను.

మార్చి 15

గుర్తుంది. ఎప్పుడు మర్చిపోయాను గనక?

నాకు పంతొమ్మిదేళ్ళు. ఆదివారం పొద్దున. అన్నయ్య డ్రైవింగు ట్రైనింగుకి వేరే ఊళ్ళో ఉన్నాడు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నాన్న ముందు గది కిటికీ గాజు రెక్కలు మూసి, వాటి మీద అత్తయ్య పాత ఉత్తరం ఆనించారు. దాని మీద ఈ కాగితం పెట్టారు. ఎండ పడి కింది సంతకం పైకి కనబడింది. "కదలకుండా పట్టుకో," అన్నారు. రెండు చేతులతో పట్టుకున్నాను. నాన్న కంపౌండరు, మందు చీటీలు గబగబా రాసే చెయ్యి ఆయనది. ఆ రోజు మాత్రం గీత వెంట గీత మెల్లగా పోనిచ్చారు. కాగితం అంచుల్లోంచి నా వేళ్ళకి పెన్ను కదలిక తెలుస్తూ ఉంది.

"అక్కయ్యకి రావడం కుదర్లేదుట. నన్నే కానిచ్చెయ్యమంది," అన్నారు.

అబద్ధమని అప్పుడే తెలుసు. దానికి వారం ముందు అత్తయ్య వచ్చింది. నాన్న గేటు తియ్యలేదు. "నా పేరు తీసెయ్యడానికి నేను రాను రా తమ్ముడూ. సగం జీతం పోసి కొన్నాను," అని రోడ్డు మీద నిలబడి అంది. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. వినలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

తర్వాత నాన్న సాక్షి చోట చూపించారు. పెట్టాను. తల నిమిరి, "నా బంగారు తల్లి," అన్నారు.

ఆ కాగితం మీద వచ్చిన అప్పుతోనే పై గది కట్టారు. అది నాకిచ్చారు. ముప్ఫై మూడేళ్ళుగా అందులోనే పడుకుంటున్నాను. ఇది రాస్తున్నదీ అందులోనే.

మార్చి 16

ఇంకోటి కూడా ఉంది. రాసెయ్యాలి, లేకపోతే రేపటికి ఇది కూడా మర్చిపోయానంటాను.

ఎనిమిదేళ్ళ క్రితం నాన్న పోయినప్పుడు అత్తయ్య కార్డు రాసింది. రెండు వరసలు, కింద అడ్రసు. అమ్మకి చూపు ఆనకపోతే నేనే చదివి వినిపించాను. "వెళ్ళి చూసొద్దామే," అంది అమ్మ. నీ జ్వరం తగ్గాక వెళ్దామన్నాను. జ్వరం తగ్గింది. మళ్ళీ అడిగింది. షాపులో సెలవు లేదన్నాను. మూడోసారి అడగలేదు.

కార్డు ఈ బల్ల సొరుగులోనే ఉంది.

మార్చి 22

డిపో క్యాంటీనులో అన్నయ్యకి చెప్పాను. మొత్తం చెప్పాను, కిటికీ, ఉత్తరం, నా వేళ్ళు. టీ మీద మీగడ కట్టింది, వాడు తాగలేదు.

"నాన్న అలా చెయ్యరు," అన్నాడు.

"నేను పట్టుకున్నాను అన్నయ్యా."

"నీకు ఇల్లు వదలాలని లేదు. అది చెప్పు చాలు. దానికోసం పోయిన మనిషిని దొంగని చెయ్యాలా?"

అరిచుంటే తట్టుకునేదాన్ని. మెల్లగా అన్నాడు. కుర్చీ వెనక్కి లాగి లేచి వెళ్ళిపోయాడు.

మార్చి 23

అన్నయ్య అన్నది నిజమేనా? నాకు ఇల్లు వదలాలని లేదా?

మార్చి 24

లేదు. వదలాలనే ఉంది. అలిసిపోయాను.

ఏప్రిల్ 6

అత్తయ్యని చూసొచ్చాను. బస్సులో మూడు గంటలు. స్కూలు గోడ వెనక ఒకే వరసలో ఆరు గదులు, చివరి గది ఆవిడది. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది. జుట్టు మొత్తం తెలుపు. గొంతు మాత్రం అదే, ఎక్స్చేంజి గొంతు.

"ఎవరు కావాలి?"

"నేను పిట్టని అత్తయ్యా."

పేపరు మడిచింది. మడత మీద మడత పెట్టింది. "ఒక్క కార్డు చదవడానికి ఎనిమిదేళ్ళు పట్టిందా?"

లోపలికి రమ్మనలేదు, అలాగని పొమ్మనలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. ఇల్లు అమ్మే సంగతి, కాగితం సంగతి, ఆదివారం పొద్దుటి సంగతి, అన్నీ చెప్పాను. మధ్యలో ఒక్క ప్రశ్నే అడిగింది.

"ఏ ఉత్తరం మీద పెట్టి గీశాడు?"

"తెలీదు అత్తయ్యా." ఇది నిజంగానే తెలీదు.

"వాడికి నేను రాసినవి రెండే. ఒకటి కోపంగా రాశాను. రెండోది, మీ నాన్నకి టైఫాయిడ్ వచ్చిందని తెలిసి రాసింది." చాలాసేపు స్కూలు గోడకేసి చూసింది. "మొదటిదే అయ్యుండాలి. అవును, మొదటిదే."

"నేను చిన్నదాన్ని అత్తయ్యా అప్పుడు," అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే సిగ్గేసింది.

"పంతొమ్మిది. నేను పద్దెనిమిదికే ఉద్యోగంలో చేరాను. చిన్నదానివేం కాదు."

లైన్‌మన్ మామయ్య పోయి ఆరేళ్ళయిందట. గోడకి ఫొటో ఉంది, నవ్వు మొహం. ఆయన్ని నేనెప్పుడూ చూడనే లేదు.

లేవబోతుంటే చెప్పింది. "అమ్ముకోండి. నేను అడ్డు రాను. నా సగం మాత్రం నాకు కావాలి. సగమంటే సగమే. దయ తలిచి మీరు ఇవ్వద్దు, దయ తలిచి నేను వదలను. ఇంకోటి, వాడొచ్చి అడగాలి. నీ వెనక దాక్కుని కాదు."

"ఎవరు, అన్నయ్యా?"

"మరి మీ నాన్న రాలేడుగా. మూడున్నర బస్సు దొరుకుతుంది, లే."

ఏప్రిల్ 8

అన్నయ్య ఫోను ఎత్తడం లేదు. వదిన ఎత్తింది. అత్తయ్య బతికే ఉందని, అడిగిందేమిటో చెప్పాను. సగం పోతే వాళ్ళ వాటాకి నేల మీద ఇల్లు రాదు. అది వదినకీ అర్థమయింది.

"నేను చెప్తాలే పిట్టా," అంది. "ఇన్నాళ్ళూ కిటికీలోంచే చూశాను. ఇంకొన్నాళ్ళు చూస్తాను."

ఏప్రిల్ 15

ప్రమాణపత్రం ఖాళీగానే లాయరమ్మకి తిరిగిచ్చాను. ఎందుకో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అసలావిడ బతికుందా లేదా, అంత చెప్పండి చాలు."

"ఉందండి."

"మరింకేం! ఆవిడే వచ్చి సంతకం పెడితే ఆ పాత కాగితంతో మనకేం పని? మీ అన్నయ్యనొచ్చి తీసుకెళ్ళమనండి. నేను చూడలేదు, మీరు చూపించలేదు." ఫైలు మూసి, "బతికున్నవాళ్ళతో పని ఎప్పుడూ తేలికండి. అడగొచ్చు," అంది.

ఏప్రిల్ 23

మధ్యాహ్నం అన్నయ్య షాపుకొచ్చాడు. నెల్లాళ్ళలో మెడ దగ్గర చొక్కా వదులైంది. కస్టమర్లు కూర్చునే కుర్చీలో కూర్చుని జేబులోంచి ఆ కాగితం తీశాడు.

"నువ్వే చూసి చెప్పు. నాకు సరిగ్గా కనబడదు."

"నేను చెప్తే నమ్మవుగా."

కాగితం నా ముందుకి తోశాడు. అద్దాల మీద గీతలు వెతికే దీపం వెలిగించి, పెద్ద భూతద్దం చేతికిచ్చాను. వాడు కాగితం మీదికి వంగాడు. ఎవరో వచ్చి ఫ్రేములు అడిగారు, చూపించి పంపాను. వాడు వంగే ఉన్నాడు. సంతకం మధ్యలో పెన్ను ఆగిన చోట్ల సిరా చుక్కలు కట్టింది, నాలుగు చోట్ల. గీతంతా సన్నగా వంకర్లు పోయింది. సొంత సంతకం ఎవరూ నత్త నడిచినట్టు పెట్టరు.

"చెయ్యి వణికింది," అన్నాడు చివరికి.

"ఊఁ."

"నాన్న చెయ్యి వణికిందే పిట్టా. భయపడ్డారు." భూతద్దం బోర్లించి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. షాపులో ఉన్న పని గుడ్డ తీసి ఇచ్చాను.

కాసేపటికి, "ఆ బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

మే 4

ఇద్దరం వెళ్ళాం. అన్నయ్య బస్సంతా డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఆయన గేరు మార్చిన ప్రతిసారీ మొహం చిట్లించాడు.

గుమ్మం దగ్గర వాడు నా వెనక నిలబడ్డాడు. అత్తయ్య ఎగాదిగా చూసి, "మీ నాన్న ఎత్తే," అంది.

"అత్తయ్యా, నాన్న తరఫున నేను..."

"మీ నాన్న తరఫున వద్దు. అది వాడికీ నాకూ ఉంది. నీ తరఫున అడుగు."

అన్నయ్య చెప్పులు విప్పాడు. "మా ఆవిడ మెట్లెక్కలేకపోతోంది. ఇల్లు అమ్ముకోవాలి. నీ సగం నీకిస్తాం. వచ్చి సంతకం పెట్టవా?"

"పెడతాను. అడిగావుగా," అంది.

ముప్ఫై మూడేళ్ళ క్రితం కూడా ఇంత మాత్రమే పట్టేదేమో.

మే 12

డాక్టరు, ఆయన భార్య, లాయరమ్మ కూర్చుని తారీఖు ఖాయం చేశారు. నేను అమ్మ చీరలు మూటలు కట్టాను.

మే 13

మూటలు.

మే 28

అయిపోయింది. రిజిస్ట్రారు ఆఫీసులో బెంచీ మీద మూడు గంటలు. అత్తయ్య ట్యాక్సీలో వచ్చింది. సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఎక్కడా ఆపలేదు. గుమాస్తా, "నిదానంగా పెట్టండమ్మా," అంటే, "నిదానంగా పెడితే నాది కాదంటారు," అంది. అన్నయ్య తల దించుకున్నాడు.

ఇల్లు ఒకసారి చూస్తారా అని డాక్టరే అడిగాడు. "చూసి ఏం చెయ్యను బాబూ?" అంది. తిరిగి వెళ్ళే దారిలో మాత్రం ట్యాక్సీని మా వీధిలోకి తిప్పమందట. ఇల్లు దగ్గరపడుతుంటే డ్రైవరు జోరు తగ్గించాడట. "ఆపకు, పోనియ్," అందట. వెంట వెళ్ళిన అన్నయ్య చెప్పాడు.

మే 31

తాళాలిచ్చేశాను. ఏడుపు రాలేదు. నడుం నొప్పి.

జూన్ 7

అన్నయ్యా వదినా కింది వాటా ఒకటి అద్దెకి తీసుకున్నారు. కొనడానికి వాటా చాలలేదు. ఆ మాట వాడు నాతో ఒక్కసారే అన్నాడు, అదీ దెప్పినట్టు కాదు. వదిన పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూరల బండివాణ్ణి పావుగంట నిలబెట్టిందట. వాడు ఓడిపోయాడట.

నాకు షాపు వెనక సందులో రెండు గదులు దొరికాయి. ఊడవడానికి ఐదు నిమిషాలు చాలు. మిగతా టైమంతా ఏం చెయ్యాలో తెలీక కిటికీ గాజులు తుడిచాను.

ఆ కాగితం అన్నయ్య షాపులోనే వదిలేసి వెళ్ళాడు, నా దగ్గరే ఉంది. చించెయ్యాలో దాచాలో ఎవరూ చెప్పలేదు.

జూన్ 14

పొద్దున అత్తయ్య ఫోను చేసింది. పలకరింపు లేదు.

"నా కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోంది. ఇక్కడివాడు బిగిస్తే రెండు రోజులే ఉంటోంది. నువ్వు చేసేది ఆ పనేగా?"

"అదే అత్తయ్యా."

"అయితే ఆదివారం రా."

"వస్తాను."

పెట్టేసిందనుకుని ఫోను దింపబోయాను.

"నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోను అత్తయ్యా."

"ఎనిమిదింటి బస్సు ఎక్కు. తర్వాతది కిక్కిరిసి ఉంటుంది," అని పెట్టేసింది.

షాపునుంచి వచ్చేటప్పుడు సన్న స్క్రూడ్రైవరు, రెండు సైజుల ముక్కు ప్యాడ్లు తెచ్చుకున్నాను. ఏ సైజు సరిపోతుందో చూస్తే గానీ తెలీదు.